పొట్ట లోపలి నడికట్టు: పిలాటిస్ అసలు ఎక్కడ పని చేస్తుంది?

ఈ రోజు ఎపిసోడ్‌లో పొట్ట గురించి మాట్లాడుకుందాం. డైట్ గురించి కాదండీ, పొట్ట కండరాల గురించి. అందులోనూ అద్దంలో కనిపించని ఒక కండరం గురించి.

మా క్లాసుకి ఒక చెల్లి వచ్చింది. డెలివరీ అయ్యి 8 నెలలు. బరువు దాదాపు పాత లెక్కకి వచ్చేసింది, కానీ పొట్ట మాత్రం ముందుకే ఉంది. "అక్కా, ఫోన్‌లో వీడియో చూసి రోజూ 100 క్రంచెస్ చేస్తున్నా. పొట్ట తగ్గలేదు, నడుము నొప్పి ఎక్కువైంది" అంది. కాసేపాగి గొంతు తగ్గించి, "దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు యూరిన్ పడిపోతోంది" అంది. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఇలా చెప్పుకోలేక ఉండిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్ళ కోసమే.

ముందు పొట్ట లోపల ఏముందో చూద్దాం. మధ్యలో పైనుంచి కిందికి నిలువుగా రెండు పట్టీలు ఉంటాయి. అది రెక్టస్ అబ్డామినిస్, అంటే మనం సిక్స్ ప్యాక్ అంటామే, అదే. పక్కల్లో ఏటవాలుగా ఆబ్లిక్స్, బయట ఒక పొర, లోపల ఒక పొర. వీటన్నిటికన్నా లోతుగా ఉండేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. దీని పీచులు అడ్డంగా పోతాయి. నడుము వెనక నుంచి రెండు పక్కలా చుట్టుకొచ్చి, ముందు పొట్ట మధ్య గీత దగ్గర కలుస్తాయి.

మన అమ్మమ్మలు బాలింతకి పాత చీరతో నడికట్టు కట్టేవాళ్ళు కదా! ఈ కండరం అచ్చంగా అలాంటిదే. తేడా ఒక్కటే. బట్ట బయటి నుంచి పట్టుకుంటుంది, విప్పేస్తే దాని పని అయిపోయింది. ఇది లోపలి నుంచి పట్టుకుంటుంది, మీరు నడుస్తున్నా, బిందె ఎత్తుతున్నా, పాపని ఎత్తుకున్నా.

క్రంచ్ చేసినప్పుడు ఏమవుతుంది? రెక్టస్ మీ ఛాతీని తుంటి వైపు లాగి వెన్నుని ముందుకి వంచుతుంది. ట్రాన్స్‌వర్సస్ పని వంచడం కాదు, చుట్టూ బిగించి వెన్నుకి ఊతం ఇవ్వడం. అది కూడా ఒంటరిగా చెయ్యదు. ఒక డబ్బా ఊహించుకోండి. మూత మీ ఊపిరి కండరం డయాఫ్రమ్. అడుగు పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు. వెనక వెన్నెముకని అంటిపెట్టుకుని మల్టిఫిడస్. చుట్టూ గోడ మన ట్రాన్స్‌వర్సస్. ఒకటి వదులైతే మిగతా వాటి మీద భారం పడుతుంది.

దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీలో పాల్ హాడ్జెస్, క్యారొలిన్ రిచర్డ్‌సన్ చేసి 1996లో ప్రచురించారు. మనుషుల్ని నిలబెట్టి చెయ్యి ఎత్తమన్నారు, అంతే. నడుము నొప్పి లేనివాళ్ళలో చెయ్యి కదలడానికి ముందే ట్రాన్స్‌వర్సస్ బిగుసుకుంది. నొప్పి ఉన్నవాళ్ళలో అది ఆలస్యమైంది. నొప్పి వల్ల ఆలస్యమా, ఆలస్యం వల్ల నొప్పా అనేది ఈ ఒక్క ప్రయోగంతో తేలదు. కానీ ఒకటి అర్థమవుతుంది. ఈ కండరానికి బలం ఎంత ముఖ్యమో, టైమింగ్ కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు ఆడవాళ్ళ విషయానికి వద్దాం. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ పొట్ట మధ్య గీత సాగుతుంది, రెక్టస్ పట్టీలు రెండూ దూరం జరుగుతాయి. దీన్ని డయాస్టాసిస్ అంటారు. నెలలు నిండేసరికి దాదాపు అందరిలోనూ ఇది ఉంటుంది, భయపడక్కర్లేదు. డెలివరీ తర్వాత చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, కొందరిలో మిగిలిపోతుంది. అదే సమయంలో పెల్విక్ ఫ్లోర్ కూడా నెలల తరబడి బరువు మోసి అలిసిపోయి ఉంటుంది. అంటే డబ్బా గోడా వదులే, అడుగూ వదులే. ఆ స్థితిలో ఊపిరి బిగబట్టి గబగబా క్రంచెస్ చేస్తే లోపలి ఒత్తిడి ముందుకి, కిందికి తోస్తుంది. మా చెల్లి విషయంలో అదే జరుగుతోంది. క్రంచెస్ చెడ్డవని కాదు. వరస తప్పింది, అంతే.

పిలాటిస్ ఇక్కడే ఉపయోగపడుతుంది. దీన్ని తయారు చేసింది జోసెఫ్ పిలాటిస్, 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఆస్తమాతో బాధపడ్డాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. అందులో ఊపిరికి, నిదానానికి పెద్ద పీట. మన లోతు కండరానికి కావాల్సింది కూడా అదే.

సరే, చేసి చూద్దాం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. తుంటి ఎముకల ముందు కొనలు తడిమి చూసుకుని, అక్కడి నుంచి కొంచెం లోపలికి, కొంచెం కిందికి వేళ్ళు పెట్టండి. ముక్కుతో గాలి పీల్చండి, పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి. ఇప్పుడు నోటితో నెమ్మదిగా వదులుతూ, మూత్రం ఆపుకుంటున్నట్టు కింది కండరాల్ని పైకి లాగండి, బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి తీసుకోండి. వేళ్ళ కింద సన్నని బిగుతు తెలుస్తుంది. అదే అది! పొట్ట ఉబ్బి వేళ్ళని పైకి తోసిందంటే బలం ఎక్కువ పెట్టారని. మీ శక్తిలో మూడో వంతు చాలు.

అది వచ్చాక రెండోది. ఊపిరి వదులుతూ ఒక మడమని నేల మీద జారుస్తూ కాలు చాపండి, పీలుస్తూ వెనక్కి తెచ్చుకోండి. నడుము కదలకూడదు. మూడోది, రెండు కాళ్ళూ కుర్చీలో కూర్చున్నట్టు గాల్లో పెట్టి, ఒక్కో కాలి వేళ్ళు నేలకి తాకించి పైకి తీసుకోవడం. ఒక్కోటి 8 సార్లు చాలు. రీల్స్‌లో కనిపించే హండ్రెడ్ ఉంది చూశారూ, తల, కాళ్ళు ఎత్తి చేసేది, అది వీటన్నిటి తర్వాతే.

మూడు గుర్తులు గుర్తుపెట్టుకోండి. పొట్ట మధ్యలో గట్టులా లేచినా, ఊపిరి ఆగిపోయినా, నడుము నేల నుంచి లేచినా ఒక మెట్టు వెనక్కి దిగండి.

ఇంకా నిజాలు చెప్పాలి కదా. దీనివల్ల పొట్ట దగ్గరి కొవ్వు మాత్రమే కరగడం ఉండదు, ఏ వ్యాయామంతోనూ అలా కుదరదు. నడుము నొప్పి మీద 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష కూడా, ఏమీ చెయ్యకపోవడం కన్నా పిలాటిస్ మేలు అంది, కానీ మిగతా వ్యాయామాలకన్నా గొప్పదని తేల్చలేదు. కాబట్టి వేలకి వేలు ఫీజు కట్టి మెషీన్లున్న స్టూడియోకే వెళ్ళాలని లేదు. ఇంట్లో చాప చాలు.

డెలివరీ అయినవాళ్ళు, ముఖ్యంగా సిజేరియన్ అయినవాళ్ళు, డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. యూరిన్ లీకవుతున్నా, కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉన్నా సిగ్గుపడకుండా చెప్పండి. "పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలే" అని ఎవరైనా అంటారు. మామూలే కావచ్చు, కానీ భరించాల్సిన పని లేదు. దీనికి ఫిజియోథెరపీ ఉంది.

మా చెల్లి క్రంచెస్ ఆపింది, డాక్టర్‌కి చెప్పింది, మొదటి రెండు వారాలు ఊపిరి ఒక్కటే నేర్చుకుంది. ఇప్పుడు పాపని ఎత్తుకునే ప్రతిసారీ ఊపిరి వదులుతూ ఎత్తుకుంటోంది. నిజమైన ఎక్సర్‌సైజ్ అదే ఫ్రెండ్స్.

ఈ ఎపిసోడ్ మీ అక్కకో, వదినకో పంపించండి. అడగలేక ఊరుకున్నవాళ్ళు మీ ఇంట్లోనే ఉండొచ్చు.