సెకండ్ హ్యాండ్ కన్వర్టబుల్ కారు కొంటున్నారా? ముందు కాగితాలు చూడండి, తర్వాతే కప్పు

పైకప్పు తెరుచుకునే కారంటే మన ఇళ్లలో కుర్రకారుకే కాదు, పెద్దవాళ్లకూ ఓ ముచ్చట ఉంటుంది. కొత్తది కొనాలంటే అరకోటి దాటి మాట్లాడాలి. అదే కారు ఏడెనిమిదేళ్లు తిరిగాక చిన్న కొత్త ఎస్‌యూవీ ధరకు దొరుకుతోంది. మినీ కూపర్, ఆడి ఏ3 క్యాబ్రియోలే, బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే లాంటివి బెంగళూరు, చెన్నై, ముంబయి మార్కెట్లలో అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. ధర పడిపోవడానికి కారణాలున్నాయి. ఇలాంటి కారు కొనేవాళ్లు తక్కువ, మరమ్మతు ఖర్చు ఎక్కువ, మన ఎండకూ వానకూ కప్పు తెరిచి తిరిగే రోజులు ఏడాదిలో కొన్నే. పైగా జెడ్4, ఎస్ఎల్‌కేలలో ఉన్నవి రెండే సీట్లు. పిల్లలున్న కుటుంబానికి అది రెండో కారే అవుతుంది తప్ప ఒక్కటే కారు కాలేదు.

మన తెలుగు కుటుంబాల విషయంలో మరో చిక్కు ఉంది. అన్న హోసూరులో, తమ్ముడు బెంగళూరులో, అత్తవారిల్లు యానాంలో, పిల్లల ఉద్యోగాలు పుణెలో ఉండటం మనకు కొత్త కాదు. బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలో ఉన్నవారికీ ఇదే పరిస్థితి. కారు ఒక రాష్ట్రంలో చవగ్గా కనిపిస్తుంది, తిరిగేది ఇంకో రాష్ట్రంలో. లగ్జరీ కారు విషయంలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. కప్పు చెడితే డబ్బు పెట్టి బాగుచేయించుకోవచ్చు. కాగితంలో లోపం ఉంటే కారునే కదలనివ్వకపోవచ్చు. అందుకే ఈ వ్యాసంలో ముందు కాగితాల సంగతి చెప్పి, తర్వాత కప్పు దగ్గరికి వెళ్తున్నాం.

నంబర్ ప్లేటు ఏ రాష్ట్రానిది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 40వ సెక్షన్ ప్రకారం, యజమాని నివాసం లేదా వ్యాపారం ఉన్నచోట, వాహనం మామూలుగా ఉండేచోట రిజిస్ట్రేషన్ చేయించాలి. 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. నంబరు మారితే అక్కడి రోడ్డు పన్ను కూడా కట్టాలి.

ఈ పన్ను రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. కర్ణాటకలో 20 లక్షలకు పైబడిన కార్లకు 18 శాతం, దానిపై సెస్సు. తమిళనాడులో 2023 నవంబరులో రేట్లు పెంచాక 20 లక్షలు దాటిన కార్లకు 20 శాతం. పుదుచ్చేరిలో ఖరీదైన కార్లపై పన్ను ఏళ్ల తరబడి వీటితో పోలిస్తే నామమాత్రంగా ఉండేది. దాంతో వేరే రాష్ట్రాల్లో ఉంటున్న చాలామంది పుదుచ్చేరి చిరునామా చూపించి లగ్జరీ కార్లు రిజిస్టర్ చేయించుకున్నారు. 2017లో కేరళలో సినీ ప్రముఖుల కార్లతో సహా ఇలాంటి రిజిస్ట్రేషన్లు బయటపడి, కేసుల దాకా వెళ్లాయి. కర్ణాటక రవాణా శాఖ కూడా పుదుచ్చేరి నంబర్లతో బెంగళూరులో తిరిగే ఖరీదైన కార్లను ఆపి, పన్ను కట్టేదాకా స్వాధీనంలో ఉంచిన సందర్భాలున్నాయి.

యానాం రిజిస్ట్రేషన్ పీవై 04తో మొదలవుతుంది. ఆ ప్లేటు కనిపించగానే అనుమానించాల్సిన పని లేదు. యానాంలో నిజంగా నివసించే మనవాళ్లు అక్కడే రిజిస్టర్ చేయించుకోవడం పూర్తిగా సక్రమం. చూడాల్సింది, ఆ యజమాని అక్కడ ఉన్నాడా లేదా అన్నదే. ఆర్‌సీలోని చిరునామా, ఇన్సూరెన్స్ పాలసీలోని చిరునామా, సర్వీసు బిల్లుల్లోని ఊరు పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్‌సీ యానాందై, ఆరేళ్ల సర్వీసు బిల్లులన్నీ బెంగళూరువైతే కట్టని పన్ను భారం కారుతోపాటు మీ దగ్గరికి వచ్చేట్టే.

పన్ను లెక్క బేరానికి ముందే

వేరే రాష్ట్రం కారు తెచ్చుకుంటే, పన్నును మీరు కొన్న ధర మీద లెక్కిస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా కారు కొత్తగా ఉన్నప్పటి ధరను తీసుకుని, వయసును బట్టి కొంత తగ్గిస్తారు. ఉదాహరణకు కొత్తలో 70 లక్షల కారు అనుకోండి. 18 శాతం అంటే 12 లక్షల 60 వేలు. వయసు తగ్గింపు పోను మిగిలేది కట్టాలి. లగ్జరీ కన్వర్టబుల్ మార్కెట్ ధర పడినంత వేగంగా ఈ లెక్క చాలాసార్లు పడదు. కాబట్టి 22 లక్షలకు 'చవగ్గా' వచ్చిన కారు మీద పన్నే ధరలో చెప్పుకోదగ్గ వాటా కావచ్చు. మీ ఊరి ఆర్టీఓ కార్యాలయంలో కారు మోడల్, తయారీ సంవత్సరం, మొదటి ఇన్వాయిస్ ధర చెప్పి ముందే లెక్క వేయించుకోండి. మొదటి రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరే వీలుంది. అది వచ్చేసరికి ఆలస్యం కావచ్చు కనుక, వస్తుందన్న ధీమాతో బేరం కుదుర్చుకోవద్దు.

చేతికి రావాల్సిన కాగితాలు

కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ నంబరు కొట్టి వివరాలు చూడండి. ఇప్పటి యజమాని ఎన్నోవాడు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా, బ్లాక్‌లిస్టులో పడిందా తెలుస్తుంది. ఈ-చలాన్ల బాకీ విడిగా చూడాలి. ఆ తర్వాత ఇవి అడగండి:

- ఒరిజినల్ ఆర్‌సీ. దానిలోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి.
- లోను తీరిపోతే బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ, ఫారం 35. 'తీరిపోయింది' అన్న మాట చాలదు, ఆర్‌సీలో ఆ బ్యాంకు పేరు తొలగిపోవాలి.
- యాజమాన్య బదిలీకి సంతకాలు చేసిన ఫారం 29, ఫారం 30.
- వేరే రాష్ట్రం కారైతే ఫారం 28 మీద ఆ రాష్ట్రం ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ.
- మొదటి అమ్మకం ఇన్వాయిస్. పన్ను లెక్కకు ఇదే ఆధారం.
- కారును ఎవరైనా సొంతంగా విదేశం నుంచి తెప్పించినదైతే కస్టమ్స్ సుంకం కట్టిన పత్రాలు.

చివరిది తేలిగ్గా తీసుకోకండి. 2025 సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో సోదాలు చేసి, భూటాన్ మీదుగా సుంకం ఎగ్గొట్టి తెచ్చారన్న అనుమానంతో ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకున్నారు. అలాంటి కారు రెండో చేతికో మూడో చేతికో వచ్చాక కూడా ప్రస్తుత యజమాని జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అమ్మేది మన బంధువే కదా, పేరు మార్పు తర్వాత చూసుకుందాం అనుకోవద్దు. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో-క్లెయిమ్ బోనస్ కారుతోపాటు మీకు రాదు కనుక ప్రీమియం పెరుగుతుంది. దాన్నీ లెక్కలో వేసుకోండి.

కప్పును ఇలా పరీక్షించండి

కప్పులు రెండు రకాలు. ఎస్ఎల్‌కే, 2009 నుంచి వచ్చిన జెడ్4లలో ముక్కలుగా మడతపడే లోహపు కప్పు ఉంటుంది. మినీ, ఏ3, 2018 తర్వాతి జెడ్4లలో గుడ్డ కప్పు. లోహపుది ఎండకూ దొంగలకూ గట్టిగా నిలుస్తుంది, కానీ కీళ్లు, మోటార్లు ఎక్కువ. తెరిస్తే డిక్కీలో సగం చోటు అదే తినేస్తుంది. గుడ్డది తేలిక. అయితే మన ఎండకు రంగు పోతుంది, తడిగా ఉండగా మడిచి పెడితే బూజు పడుతుంది.

చూడటానికి వెళ్లినప్పుడు ఒకసారి తెరిచి మూయించి ఊరుకోకండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి కనీసం మూడుసార్లు తెరిపించి మూయించండి. ఈ కార్లలో మామూలుగా పది నుంచి ఇరవై సెకన్లలో పని పూర్తవుతుంది. మధ్యలో ఆగినా, ఒకవైపు వెనకబడినా, చేత్తో తోయాల్సి వచ్చినా సమస్య ఉన్నట్టే. 'బ్యాటరీ డౌన్ అయింది సార్' అనే జవాబు వస్తుంది. బ్యాటరీ నీరసించినా కప్పు ఆగే మాట నిజమే. అలాగైతే కొత్త బ్యాటరీ వేయించి చూపించమనండి. డిక్కీలో సామాను అడ్డుతెర సరిగ్గా దించకపోయినా కప్పు కదలదు. అది లోపం కాదు, భద్రత కోసం పెట్టిన ఏర్పాటు.

కప్పును కదిలించేది చాలా కార్లలో హైడ్రాలిక్ పంపు. దాని గొట్టాలు, సిలిండర్ల దగ్గర నూనె చెమ్మ ఉందా చూడండి. కప్పు లోపలి గుడ్డ మీద, డిక్కీ పక్కల మీద నూనె మరకలుంటే లీకు ఉన్నట్టే. గుడ్డ కప్పు మడతలు పడేచోట, వెనక అద్దం అతుక్కున్న అంచు దగ్గర వేలితో తడిమి చూడండి. ఆ అద్దం ఊడితే చాలాసార్లు కప్పు మొత్తం మార్చాల్సి వస్తుంది. విద్యుత్తు పనిచేయనప్పుడు కప్పును చేత్తో మూసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పుస్తకం, దానికి కావాల్సిన పనిముట్టు కారులోనే ఉన్నాయా అడగండి.

నీళ్లు, వరద, ఉప్పుగాలి

కప్పు మూసి బకెట్లతో కాకుండా గొట్టంతో పది నిమిషాలు నీళ్లు కొట్టించండి. తర్వాత సీట్ల కింద కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. కప్పు మీద పడిన నీళ్లు కిందికి పోవడానికి సన్నని కాలువలుంటాయి. చెట్ల కింద నిలిపే కార్లలో ఆకులు, దుమ్ము చేరి అవి పూడుకుపోతాయి. అప్పుడు నీళ్లు లోపలికి మళ్లుతాయి. చాలా కార్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టెలు సీట్ల కిందో, డిక్కీ మూలలోనో ఉంటాయి. వాటికి తడి తగిలితే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది.

2015 డిసెంబరు, 2023 డిసెంబరు వరదల్లో చెన్నైలో, 2022 సెప్టెంబరు వానల్లో బెంగళూరులో ఎన్నో ఖరీదైన కార్లు మునిగాయి. వాటిలో కొన్ని పాలిష్ పట్టించుకుని వేరే ఊళ్లలో అమ్మకానికి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి, మట్టి గీత దాచడం కష్టం. సీటు రైళ్ల బోల్టుల తుప్పు, అద్దాలన్నీ ఎక్కించినప్పుడు వచ్చే ముగ్గు వాసన గమనించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. యానాం, చెన్నై, ముంబయి, గోపాల్‌పూర్ లాంటి సముద్ర తీరాల్లో ఉన్న కారైతే కప్పు చట్రం కీళ్లు, కింది భాగం లిఫ్టు మీద ఎత్తించి చూడాలి.

బాడీ, ఇంజన్, టైర్లు

మామూలు కారుకు పైకప్పే బలం. అది లేని లోటు తీర్చడానికి కన్వర్టబుల్ కింది భాగాన్ని, ముందు అద్దం చట్రాన్ని ప్రత్యేకంగా గట్టిచేస్తారు. అందుకే పెద్ద యాక్సిడెంట్ అయిన కన్వర్టబుల్‌ను ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనడమే మేలు. తలుపుల సందులు రెండువైపులా సమానంగా ఉండాలి. పెయింటు మందం కొలిచే మీటరుతో చుట్టూ చూపించండి. వెనక సీట్ల వెనక, కారు తిరగబడితే పైకి లేచే రక్షణ కమ్మీలు ఉన్న మోడల్ అయితే అవి ఒకసారి లేచాయేమో సర్వీసు సెంటర్లో అడగండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మరోరోజు వస్తామనండి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు అయితే ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిపి కుదుపు ఉందేమో చూడండి. గతుకుల రోడ్డు మీద కప్పు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి నడపండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. తక్కువ తిరిగిన కార్ల టైర్లు బాగా కనిపిస్తూనే ముదిరిపోతాయి. ఛాసిస్ నంబరుతో ఆ కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డు అడిగి, మీటరులోని కిలోమీటర్లతో పోల్చండి. స్కానర్ పెట్టి లోపాల కోడ్లు చదివించండి. ఇవన్నీ చేయించడానికయ్యే కొన్ని వేలకు వెనకాడితే, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

డబ్బు ఇచ్చే క్రమం

వరుస ఇలా పెట్టుకోండి. పరివాహన్ వివరాలు, పన్ను లెక్క, కాగితాలు ముందు చూడాలి. అవి బాగుంటేనే కారు చూడటానికి ప్రయాణం పెట్టుకోవాలి. అడ్వాన్సు ఇస్తే ఎన్ఓసీ రాకపోతే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, కాబట్టి సొమ్ము బ్యాంకు ద్వారానే ఆర్‌సీలో పేరున్న మనిషికి పంపండి, మధ్యవర్తి ఖాతాకు వద్దు. ఒప్పందం కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఉండి మీకు చదవడం రాకపోతే, చదివే మనిషిని వెంట తీసుకెళ్లండి. అర్థంకాని కాగితం మీద సంతకం వద్దు.

చివరగా, కారు ధరతోపాటు కొత్త రాష్ట్రం పన్ను, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ కలిపి మొత్తం వేసుకుని, దానిపైన మరమ్మతుల కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోండి. ఆ మొత్తం మీ చేతికి అందేలా ఉంటే కొనండి. అందకపోతే కారు ధర దగ్గరే ఆగిపోయి ఊహించుకోకండి. సాయంత్రం చల్లగాలిలో కప్పు తెరిచి తిరగడం మంచి ముచ్చటే. ఏ చెక్‌పోస్టు దగ్గరా గుండె దడ లేకుండా తిరగగలిగినప్పుడే ఆ ముచ్చట తీరుతుంది.