విగ్రహానికి విల్లు, ఆదివాసికి కేసు

చైత్రమాసంలో చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధి, సప్పర్ల, ధారకొండల మీదుగా సీలేరు వెళ్లే ఘాట్‌రోడ్డులో ప్రయాణించిన వారికి ఒక దృశ్యం పరిచయమే. మలుపు తిరగగానే ఆదివాసీ మహిళలు రోడ్డుకు అడ్డంగా కర్ర పట్టుకొని నిలబడి ఉంటారు. పాట పాడతారు, నవ్వుతారు, పండుగ డబ్బులు ఇచ్చేదాకా బండిని కదలనివ్వరు. అది ఇటుకల పండుగ. ఆ రోజుల్లో మగవాళ్లు విల్లంబులు, బరిసెలు పట్టుకొని అడవికి వేటకు వెళ్తారు. ఖాళీ చేతులతో తిరిగివచ్చిన వారిపై ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించడమూ పండుగలో భాగమే. విత్తనాలు చల్లడానికి ముందు వేటకు వెళ్లే ఇలాంటి ఆచారాన్నే దిగువన శబరి తీరంలోని కోయలు భూమి పండుగగా జరుపుకొంటారు.

కొన్నేళ్ల క్రితం ఆ పండుగ రోజుల్లో సీలేరు సమీపంలోని ఒక పల్లెలో ఆగాను. ఒక పెద్దాయన ఇంటి చూరు కింద వెదురు విల్లు వేలాడుతోంది. దాని నారి కూడా వెదురు బద్దే. పక్కనున్న అంబుల్లో కొన్నింటికి కమ్మరి కొట్టిన ఇనుప మొనలు ఉన్నాయి. పిట్టల కోసం చేసిన అంబుకు మొన లేదు. కొస మొద్దుగా ఉంది. ‘ఈ విల్లు పట్టి ఎన్నాళ్లయింది తాతా?’ అని అడిగాను. ‘ఇంట్లో ఉంటే దేవుడు బాబూ, అడవిలోకి తీసుకెళ్తే కేసు’ అన్నాడాయన. వేళాకోళంగానే అన్నాడు. కానీ చట్టం చదివినవాడిగా నాకు అందులో అతిశయోక్తి ఏమీ కనిపించలేదు.

2022 ఏప్రిల్ 4న ఈ కొండలకు అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టారు. అదే ఏడాది జూలై 4న భీమవరంలో 30 అడుగుల అల్లూరి కాంస్య విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. ఆ విగ్రహం చేతిలో విల్లు ఉంది. అదే ఏడాది డిసెంబరులో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి పార్లమెంటు సవరణలు పూర్తిచేసి శిక్షలను మరింత కఠినం చేసింది. ఆ చట్టంలో ‘ఆయుధం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులు, పేలుడు పదార్థాలు, విషం, ఉచ్చులతో పాటు విల్లు, బాణం పేర్లు కూడా ఉన్నాయి. విగ్రహం చేతిలో వీరత్వానికి చిహ్నమైన వస్తువు, ఆ వీరుడి వెంట నడిచిన మనుషుల మనుమల చేతిలో నేరానికి సాక్ష్యమవుతోంది. ఈ వైరుధ్యం గురించి మాట్లాడుకోవలసిన సమయం వచ్చింది.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలిరోజుల్లో వేటను పూర్తిగా నిషేధించలేదు. పెద్ద జంతువులకు, చిన్న జంతువులకు, వలపన్ని పట్టడానికి వేర్వేరు లైసెన్సులు ఉండేవి. రుసుము చెల్లించి, కాగితం చూపించి, తుపాకీతో వేటాడే పెద్దమనిషికి అందులో చోటు దొరికింది. కాగితం అంటే తెలియని ఆదివాసి తొలిరోజు నుంచే దొంగవేటగాడు. 1991 సవరణతో ఆ లైసెన్సులు రద్దయి, వేట దాదాపు సంపూర్ణంగా నిషిద్ధమైంది. నేడు చట్టం దృష్టిలో చంపడమే కాదు, పట్టుకోవడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం, పిట్ట గుడ్లను పాడుచేయడం కూడా వేటే. ఒకటో షెడ్యూలులోని జంతువు విషయంలో కనీస శిక్ష 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. పెద్దపులి ఉన్న ఆ షెడ్యూలులోనే ఉడుమూ ఉంది. ఇంట్లో అడవి మాంసం దొరికితే అది అక్రమం కాదని నిరూపించుకోవలసిన భారం నిందితుడిదే. కేసును రాజీ చేసుకోవడానికి చెల్లించే మొత్తం గరిష్ఠ పరిమితిని 2022 సవరణ 25 వేల నుంచి 5 లక్షల రూపాయలకు పెంచింది. పోడు చేసుకొని బతికే కుటుంబానికి ఈ అంకెలకు అర్థం ఏముంటుంది?

ఇక అడవి బిడ్డలకు జరిగిన ‘చారిత్రక అన్యాయాన్ని’ సరిదిద్దుతానని పీఠికలోనే చెప్పుకొన్న 2006 అటవీ హక్కుల చట్టం ఏం చేసింది? సాగుభూమి, అటవీ ఫలసాయం, చేపలు, పశువుల మేత అన్నింటినీ గుర్తించింది. ఆచారంగా అనుభవిస్తున్న ఇతర సంప్రదాయ హక్కులనూ గుర్తిస్తానంది. వెంటనే ‘వేట తప్ప’ అని మినహాయించింది. వేట ఒక సంప్రదాయ హక్కేనని ఒప్పుకొంటూనే దాన్ని ఇవ్వబోమని రాసిన వాక్యం అది. మన న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ వాక్యాన్ని ఒకసారి శ్రద్ధగా చదవాలి.

జంతువులు అంతరించడానికి ఆదివాసి వేటే కారణమన్నది ఈ మినహాయింపు వెనుక ఉన్న నమ్మకం. చరిత్ర అలా చెప్పదు. 1875–1925 మధ్య బ్రిటిష్ ఇండియాలో బహుమతుల కోసం 80 వేలకు పైగా పులులను చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టారు. మన దేశపు చివరి మూడు చీతాలను 1947లో కాల్చింది కొరియా సంస్థానపు మహారాజు అని నమోదై ఉంది. సర్గుజా మహారాజు ఖాతాలో వెయ్యికి పైగా పులులు ఉన్నాయి. విల్లుతో, వలతో ఇంతటి సంహారం సాధ్యం కాదు. కానీ రాజు వేటకు ‘మృగయావినోదం’ అని పేరు. మనుచరిత్రలో స్వరోచి వేట కావ్యవర్ణన అవుతుంది. అడవివాడి వేటకు అలాంటి గౌరవనామం మన సాహిత్యంలో లేదు. బోయ, కిరాతుడు అన్న కులనామాలే అతడి క్రౌర్యానికి పర్యాయపదాలయ్యాయి.

ఒకే పనికి చేసేవాడి పుట్టుకను బట్టి రెండు పేర్లు పెట్టడమే కులం చేసే పని. పురాణాల్లో వేటగాడికి గౌరవం దక్కిన సందర్భాలు లేకపోలేదు. తిన్నడు కన్ను పెకలించి ఇచ్చాక కన్నప్ప అయ్యాడు. ఏకలవ్యుడు బొటనవేలు కోసి ఇచ్చాక ఆదర్శ శిష్యుడయ్యాడు. ఏకలవ్యుడి కథ ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోండి. పాండవులు వేటకుక్కతో అతడి అడవికి వచ్చారు. వేట వారిది, అడవి అతడిది. చివరికి వేలు పోయింది మాత్రం అతడికే. నేడు దేశంలో ఉత్తమ క్రీడాకారుడికి అర్జున పురస్కారం, ఉత్తమ శిక్షకుడికి ద్రోణాచార్య పురస్కారం ఇస్తున్నాం. గిరిజన పిల్లల గురుకులాలకు మాత్రం ఏకలవ్యుడి పేరు పెట్టుకున్నాం. ఈ పంపకంలో ఎవరికీ ఇబ్బంది కనిపించకపోవడమే ఆశ్చర్యం.

క్రీడగా విలువిద్యకు తెలుగునేల మీద మంచి గుర్తింపే ఉంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు సాధించారు. అది మనందరికీ గర్వకారణం. అయితే ఆ స్థాయి విల్లు, దాని పరికరాల ఖరీదు లక్షల్లో ఉంటుంది. రాజస్థాన్‌కు చెందిన ఆదివాసి లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి మూడు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడంటే, 1980లలో క్రీడాశాఖ మారుమూల ప్రాంతాల్లో విలుకాళ్లను వెతకడానికి ప్రత్యేక పథకం పెట్టడమే కారణం. సీలేరు పిల్లవాడికి తాత విల్లు నేరవస్తువు, మైదానంలోని విల్లు అందని వస్తువు. మధ్యలో దారి వేసే బాధ్యత ప్రభుత్వానిది కాదా?

ఇంతకంటే తీవ్రమైన ప్రశ్న పొలంలో ఉంది. చోడి, కంద, మొక్కజొన్న, దుంపల చేలను అడవిపందుల మంద ఒక్క రాత్రిలో తవ్విపోస్తుంది. కావలి కాసే రైతు డప్పు కొట్టాలి, మంట వేయాలి, అంబు వేయకూడదు. పంటరక్షణ కోసం మందు కూరి పేల్చే పాతరకం తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టంలో ఉంది గాని, ఏజెన్సీలో నాటు తుపాకీ అంటే ముందుగా గుర్తొచ్చేది దాన్ని అప్పగించాలన్న పోలీసు హెచ్చరికే. మరోవైపు, పంట నష్టం పేరుతో 2016లో బిహార్‌లోని మొకామాలో 200కు పైగా నీల్‌గాయిలను కాల్చిచంపారు. కాల్చినవారు హైదరాబాద్ నుంచి ప్రభుత్వ అనుమతితో వెళ్లిన షూటర్లు. కేరళ ప్రభుత్వం 2022లో అడవిపందులను చంపించేందుకు అనుమతించే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. అంటే చట్టంలో వెసులుబాటు ఉంది. లైసెన్సు తుపాకీ ఉన్నవారికి తెరుచుకునే ఆ తలుపు, పంట పోగొట్టుకున్న ఆదివాసి విల్లుకు మాత్రం తెరుచుకోవడం లేదు.

ఈ కొండల్లో ఆయుధంతో అడవిలో నడవడం ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 2019 మార్చిలో పెదబయలు మండలంలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు ఆదివాసులు మరణించారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. వాళ్లు పిట్టల వేటకు వెళ్లిన సాధారణ రైతులని గ్రామస్థులు, పౌరహక్కుల సంఘాల వారు చెప్పారు. అంతకుముందు 2013 మే నెలలో ఛత్తీస్‌గఢ్‌లోని ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగకు గుమిగూడిన వారిపై జరిగిన కాల్పుల్లో 8 మంది ఆదివాసులు చనిపోయారు. వారు మావోయిస్టులు కారని న్యాయవిచారణ కమిషన్ తేల్చింది. పండుగకు, వేటకు వెళ్లిన మనిషి శత్రువుగా కనబడే చోట, వేట నియంత్రణ కేవలం పర్యావరణ సమస్యగా మిగలదు.

జంతువుల ఆవాసం మాటకొస్తే, సీలేరు నది మీద ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు కలిపి 725 మెగావాట్ల సామర్థ్యంతో నిర్మించారు. ఇప్పుడు ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు తలపెట్టారు. 2015లో చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లను బాక్సైట్ కోసం కేటాయిస్తూ 97వ నంబరు జీవో ఇచ్చారు. ఆదివాసుల పోరాటం వల్లనే అది వెనక్కి వెళ్లింది. అడవిని ముంచడానికి, తవ్వడానికి అనుమతుల ప్రక్రియ ఉంది. ఆ అడవిలో ఒక కుందేలును కొట్టడానికి లేదు.

అలాగని నిజాన్ని దాచుకోవడం మంచిది కాదు. ఈ అడవుల్లో కణుజు, దుప్పి, అలుగు ఇప్పుడు అరుదు. ఈ మాట ముందు చెప్పేది ఆ ఊళ్ల పెద్దలే. వందలమంది కలిసి చుట్టుముట్టే వేట, కరెంటు తీగలు, నాటు బాంబులు, అలుగు పొలుసుల కోసం వచ్చే దళారులు, ఇవన్నీ పాత సంప్రదాయం పేరుతో సమర్థించలేనివి. 2018లో పశ్చిమ బెంగాల్‌లోని లాల్‌గఢ్‌లో వేట పండుగ రోజుల్లో ఒక పెద్దపులి చనిపోయింది. అలాంటిది ఎవరికీ పండుగ కాదు. ఆదివాసీ సమాజంలోనూ వేటకు రుతువు, హద్దు, నిషేధం ఉన్నాయి. గోత్రానికి చెందిన జంతువును ముట్టరు. ఆ కట్టుబాట్లకు చట్టబద్ధత ఇచ్చి బలపరచవలసింది పోయి, వేటంతటినీ ఒకే నేరంగా మార్చడంతో ఊరిపెద్ద మాట చెల్లకుండా పోయింది. దళారీ మాట చెల్లుతోంది.

వేరే దారి లేదనడం సరికాదు. నికోబార్ దీవుల ఆదివాసులకు 1967 నోటిఫికేషన్ ద్వారా ఇచ్చిన వేట హక్కులను మన 1972 చట్టమే 65వ సెక్షన్‌లో కాపాడింది. అదే 1972లో అమెరికా చేసిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, అలాస్కా ఆదివాసులు జీవనాధారం కోసం చేసే వేటను మినహాయించింది. అవసరానికి, వ్యాపారానికి మధ్య గీత గీయడం చట్టానికి తెలుసు. ప్రధాన భూభాగపు ఆదివాసి విషయంలోనే ఆ గీత గీయలేదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టం. అరుదైన జంతువులపై, అభయారణ్యాల్లో నిషేధం కొనసాగాలి. అమ్మకానికి జరిగే వేటపై శిక్ష కఠినంగానే ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అవసరానికి, పండుగకు పరిమితమైన వేటను విడిగా గుర్తించి, ఏ జంతువు, ఏ నెల, ఏ పద్ధతి అన్నది అటవీశాఖతో కలిసి గ్రామసభ నిర్ణయించాలి. వన్యప్రాణులను కాపాడే అధికారాన్ని అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ ఇప్పటికే గ్రామసభకు ఇచ్చింది. పెసా చట్టం ఆచారాలకు రక్షణ ఇచ్చింది. పంటను పాడుచేసే అడవిపంది విషయంలో కేరళ తరహా అధికారం ఇక్కడి గ్రామసభలకూ దక్కాలి. ఆయుధాల నిర్వచనం నుంచి ఆదివాసి విల్లంబులను మినహాయించాలి.

ఆ ఏడాది ఆ పల్లె మగవాళ్లు ఖాళీ చేతులతోనే తిరిగివచ్చారు. ఆడవాళ్లు పేడనీళ్లు చల్లారు, అందరూ నవ్వారు, ఊరి కోడిని కోసి పండుగ కానిచ్చారు. పెద్దాయన విల్లును మళ్లీ చూరు కింద తగిలించాడు. అడవిలో జంతువు తగ్గిందని అందరికంటే ముందు తెలిసింది వాళ్లకే. దాన్ని తిరిగి పెంచే పనిలో వాళ్లను నేరస్థులుగా బయట నిలబెట్టి, వాళ్ల పూర్వీకుల విల్లును మాత్రం కంచులో పోతపోసి కూడళ్లలో నిలబెట్టుకోవడం అల్లూరికి ఇచ్చే గౌరవం కాదు.