వరి ఆకు ఎందుకు ఎండుతుంది?

పైరు పచ్చగా ఉంటుంది. నాలుగు రోజులు ముసురు పడుతుంది. గాలి కొడుతుంది. తర్వాత చూస్తే ఆకుల కొసలు పసుపు రంగుకు తిరిగి ఉంటాయి. అంచుల వెంట అలలు అలలుగా కిందికి ఎండుకుంటూ వస్తాయి. ఇదే ఎండాకు తెగులు.

ఇది పురుగు పని కాదు. పురుగుమందు కొడితే డబ్బు దండగ. ఇది బాక్టీరియా అనే సూక్ష్మజీవి పని. అది కంటికి కనపడదు. తెల్లవారుజామున వరి ఆకు మీద నీటి బొట్లు నిలుస్తాయి కదా! ఆ నీరు వచ్చే సన్నని రంధ్రాల గుండానే బాక్టీరియా లోపలికి పోతుంది. ఆకు తెగిన చోట కూడా దూరుతుంది.

లోపలికి పోయి ఏం చేస్తుంది? ఆకును కొరికి తినదు. దానికి నోరే లేదు. మొక్క చేతనే తిండి పెట్టించుకుంటుంది!

ఆకు చిన్న చిన్న గదుల ఇల్లు లాంటిది. ఈ గదులను కణాలు అంటారు. ఎండ తగిలితే కణంలో చక్కెర తయారవుతుంది. బాక్టీరియాకు సూది లాంటి సాధనం ఉంది. దాన్ని కణానికి గుచ్చి కొన్ని మాంసకృత్తులను లోపలికి పంపుతుంది. వాటిలో కొన్ని మొక్క కాపలాను నిద్రపుచ్చుతాయి. ఒకటి కణం నడిమికి చేరి, "చక్కెర తలుపులు తియ్యి" అని ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞ దొంగదని కణానికి తెలియదు. తలుపులు తీస్తుంది. బాక్టీరియా ఆ చక్కెర తిని లక్షలుగా పెరుగుతుంది. నీళ్లు పారే ఈనెలు పూడిపోతాయి. ఆకు ఎండుతుంది. గింజ తాలుపోతుంది.

అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. తెగులు ఆకును ఎండిన భాగం, పచ్చి భాగం కలిసే చోట కోయాలి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొసను ముంచాలి. కాసేపటికి పాల లాంటి ధార దిగితే అది బాక్టీరియానే.

నాట్లు వేసేది ఎక్కువగా ఆడవాళ్లే. తెగులు ఉన్న చోట నారు కొసలు తుంచి నాటరాదు. తుంచిన ప్రతి కొసా బాక్టీరియాకు వాకిలి అవుతుంది. కాండం తొలిచే పురుగు గుడ్లు పోవాలని కొసలు తుంచమంటారు. అదీ నిజమే. కానీ ఎండాకు తెగులు వచ్చే ఊళ్లో ఆ పని చేటు. యూరియా ఎక్కువ వేసినా తెగులు ముదురుతుంది. తెగులు మడి నీళ్లు పక్క మడికి పారనివ్వకూడదు.

సాంబ మసూరికి ఈ తెగులు త్వరగా సోకుతుంది. అందుకని హైదరాబాదు శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి తెచ్చారు. ఆ విత్తనం 2008లో విడుదలైంది. పేరు మెరుగైన సాంబ మసూరి. ఆ మూడు జన్యువుల్లో ఒకటి చక్కెర తలుపుదే. బాక్టీరియా ఆజ్ఞ ఇచ్చినా ఆ తలుపు తెరుచుకోదు.