లైసెన్సు చట్టం - కోర్టు ఉత్తర్వు

అమెరికాలో వైద్యులు, నర్సులు మొదలుకొని జుట్టు కత్తిరించేవారి వరకు అనేక వృత్తులవారికి రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి. ప్రజల క్షేమం కోసం ఇలాంటి షరతు పెట్టే అధికారం రాష్ట్రాలకు ఉందని 1889లోనే ఆ దేశ సుప్రీంకోర్టు, వెస్ట్ వర్జీనియా వైద్యుడొకరి కేసులో తీర్పు చెప్పింది. లైసెన్సుల వ్యవహారం సాధారణంగా ఆయా వృత్తుల బోర్డులు చూస్తాయి.

లైసెన్సు లేకుండా పనిచేసేవారిని ఆపడమెలా? క్రిమినల్ కేసు జరిగిపోయిన తప్పుకు శిక్ష వేస్తుంది. రేపు మరొకరికి హాని జరగకుండా ఆపేది ఇంజంక్షన్, అంటే కోర్టు ఇచ్చే నిషేధపు ఉత్తర్వు. దాన్ని మీరితే కోర్టు ధిక్కారమే. అయితే అది అడగగానే రాదు. బోర్డు సాక్ష్యం చూపాలి, ఎదుటివారి వాదన వినాలి, ఇద్దరికీ సంబంధం లేని న్యాయమూర్తి తేల్చాలి.

ఈ మెట్టు ఎందుకు ముఖ్యమో నార్త్ కరోలినా కేసు చెబుతుంది. అక్కడ 2003 ప్రాంతంలో దంతవైద్యులు కానివారు తక్కువ ధరకు పళ్ళు తెల్లబరచడం మొదలుపెట్టారు. దంతవైద్యులు బోర్డుకు ఫిర్యాదు చేశారు. వాటిలో హాని గురించిన మాట తక్కువ, ధరల గురించినదే ఎక్కువ. బోర్డు సభ్యులు ఎనిమిది మందిలో ఆరుగురు దంతవైద్యులే. పళ్ళు తెల్లబరచడం దంతవైద్యం కిందికి వస్తుందో రాదో చట్టంలో స్పష్టంగా లేదు. ఇంజంక్షన్ కోరే వీలున్నా బోర్డు ఆ దారి పట్టలేదు. పని ఆపాలంటూ 2006 నుంచి కనీసం 47 లేఖలు పంపింది. చాలామంది భయపడి మానుకున్నారు.

ఇది పోటీని అణచడమేనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో చర్య చేపట్టింది. వృత్తిదారులే నడిపే బోర్డుపై ప్రభుత్వ పర్యవేక్షణ లేకపోతే, పోటీ చట్టాల నుంచి దానికి మినహాయింపు లేదని 2015 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తేల్చింది.

లైసెన్సు ఉన్నది ప్రజల రక్షణకే గాని ఒక వర్గం రాబడి కాపాడటానికి కాదు. ఆ తేడాను చూడవలసింది న్యాయస్థానమే.

మన పిల్లల్లో కొందరు నర్సులుగా, ఫార్మసిస్టులుగా అక్కడికి వెళ్తున్నారు. ఉద్యోగంలో చేరేముందే ఆ రాష్ట్ర నిబంధనలు తెలుసుకోవాలి. బోర్డు నుంచి లేఖ వస్తే అది కోర్టు ఉత్తర్వు కాదు. అలాగని పక్కన పడేయకూడదు. వకీలును సంప్రదించి గడువులోగా జవాబివ్వాలి.