రంగు మారింది... జబ్బు కనిపించింది!

గుండెకు రక్తాన్ని అందించే ధమనుల్లో కొన్నిచోట్ల రక్తం గోడల్ని గట్టిగా ఒరుసుకుంటూ పారుతుంది. కొన్నిచోట్ల ఆ ఒరిపిడి బాగా తక్కువ. తక్కువగా ఉన్నచోటే కొవ్వు పేరుకునే ప్రమాదం ఎక్కువ కాబట్టి డాక్టరు కన్ను పడాల్సింది సరిగ్గా అక్కడే. కంప్యూటర్‌ ఆ ఒరిపిడిని లెక్కగట్టి, ధమని బొమ్మ మీద రంగులు పూసి చూపిస్తుంది. 2011లో అమెరికాలోని హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో మిషెల్‌ బోర్కిన్‌ బృందం ఈ బొమ్మల్ని వైద్య విద్యార్థుల ముందు పెట్టింది. ప్రమాదం పొంచి ఉన్న చోట్లు ఏవో చూపించమంది.

అప్పటిదాకా వాడుకలో ఉన్నది ఇంద్రధనుస్సు రంగుల త్రీడీ బొమ్మ. చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంటుంది. దాంట్లో వాళ్లు పట్టుకోగలిగింది నూటికి 39 చోట్లే! అదే ధమనిని విప్పి, కాగితంలా పరిచి గీస్తే లెక్క 62కి పెరిగింది. ఆపైన ఇంద్రధనుస్సును తీసేసి నలుపు నుంచి ఎరుపుకి సాగే రంగులు వేస్తే... 91!

రోగులు వాళ్లే, అంకెలు అవే. మారింది బొమ్మ ఒక్కటే.

ఇంద్రధనుస్సు చేసిన పాపం

ఏడు రంగులుంటే ఎక్కువ వివరం తెలుస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, పసుపు పెద్దదా ఆకుపచ్చ పెద్దదా అని అడిగితే మన కన్ను చెప్పలేదు. ఏది ముదురు, ఏది లేత అంటే మాత్రం ఠక్కున చెబుతుంది. పైగా ఇంద్రధనుస్సులో పసుపు మిగతావాటికన్నా మెరుస్తుంది. అంకెల్లో తేడా లేనిచోట కూడా అక్కడేదో గట్టు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఆకుపచ్చ మేరలో ఉన్న అసలు తేడాలేమో కనిపించకుండా కలిసిపోతాయి. ఇక ఆ బొమ్మను జిరాక్స్‌ తీశారా... అటు చివరి నీలం, ఇటు చివరి ఎరుపు రెండూ ఒకే ముదురు మచ్చలవుతాయి. అతి తక్కువా, అతి ఎక్కువా ఒక్కటైపోతాయన్నమాట.

ఇంత లోపం ఉన్న రంగుల వరస అన్నేళ్లు ఎలా నిలిచింది? ఎవరూ ఎంచుకోకపోవడం వల్లే! మ్యాట్‌లాబ్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏమీ చెప్పకపోతే వచ్చే రంగులు అవే. దాని పేరు ‘జెట్‌’. లక్షల మంది దాన్ని అలాగే వదిలేశారు. మ్యాట్‌లాబ్‌ 2014లో దాన్ని పక్కనపెట్టింది. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ కోసం స్టెఫాన్‌ వాన్‌ డెర్‌ వాల్ట్‌, నథానియెల్‌ స్మిత్‌ కొత్త వరస తయారుచేశారు. ముదురు ఊదాతో మొదలై, ఆకుపచ్చ మీదుగా పసుపు దాకా సమంగా వెలుతురు పెరుగుతూ పోయే ఆ వరసే ‘విరిడిస్‌’. 2017 నుంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అడక్కుండా వచ్చేది అదే. జిరాక్స్‌ తీసినా దాని వరస చెడదు.

‘ఆర్‌’ గీసిందే గీత కాదు

గణాంకాలతో పనిచేసేవాళ్లకు ‘ఆర్‌’ గురించి చెప్పనక్కర్లేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌ విశ్వవిద్యాలయంలో రాస్‌ ఇహాకా, రాబర్ట్‌ జెంటిల్‌మన్‌ 1990ల మొదట్లో రాసిన భాష ఇది. ఇద్దరి పేర్లూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి! 1995 నుంచి పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. పీహెచ్‌డీ విద్యార్థి నుంచి మందుల కంపెనీ దాకా అందరి చేతిలో ఉన్నది అందుకే. ‘ప్లాట్‌’ అని ఒక్క మాట రాస్తే చాలు, చుక్కల గ్రాఫు తయారు. చుక్క ఆకారం, సైజు, గీత మందం, అంకెల వాలు... అన్నీ అదే నిర్ణయిస్తుంది. కాదంటే మార్చుకోవచ్చు. చుక్కలకు 26 ఆకారాలున్నాయి. పేరు పెట్టిన రంగులే 657! (అందులో బూడిద రంగు ఛాయలే రెండొందలకు పైగా ఉన్నాయి. అమెరికా వాళ్ల స్పెల్లింగుతో ఒకసారి, ఇంగ్లండు వాళ్ల స్పెల్లింగుతో ఇంకోసారి లెక్కేశారు మరి.)

ఇదే న్యూజిలాండ్‌ నుంచి వచ్చిన హాడ్లీ వికమ్‌ 2007లో ‘జీజీప్లాట్‌2’ తెచ్చాడు. ఇది ముగ్గు వేసినట్టు సాగుతుంది. ముందు అంకెలు, వాటిమీద చుక్కలు, ఆపైన గీతలు, చివర్లో రంగులు... ఒక్కో పొరనూ కూడిక గుర్తుతో కలుపుకొంటూ పోవాలి. దాని గ్రాఫులకు బూడిద రంగు నేల, తెల్ల గళ్లు ఉంటాయి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చాలామంది ముందుగా చేసే పని ఆ బూడిద రంగు తీసేయడం. నిజానికి తీయకపోయినా పెద్ద నష్టం లేనిది అదొక్కటే. ముంచే సంగతులు వేరే ఉన్నాయి.

జీజీప్లాట్‌2 వర్గాలకు తనంతట తాను వేసే రంగులనే తీసుకోండి. ఏ రంగూ మిగతావాటిని మింగేయకూడదని అన్నిటికీ వెలుతురు ఒకేలా ఉంచారు. తెర మీద ముచ్చటగా ఉంటాయి. నలుపు తెలుపులో ముద్రిస్తే మాత్రం అన్నీ ఒకే బూడిద! ఏ గీత ఏ జిల్లాదో చెప్పడం ఎవరి తరమూ కాదు. చుక్కల ఆకారం కూడా మార్చడమో, గీత పక్కనే పేరు రాసేయడమో చేస్తే ఈ బాధ ఉండదు.

ఇక ఎరుపు-ఆకుపచ్చ జంట. ఉత్తర ఐరోపా సంతతి మగవాళ్లలో నూటికి 8 మందికి ఏదో ఒక మేర వర్ణాంధత్వం ఉంటుంది. అలాంటివాళ్లలో చాలామందికి ఈ రెండు రంగులే కలగాపులగం అవుతాయి. అయినా ఏళ్ల తరబడి ఆర్‌ రంగుల పెట్టెలో నలుపు తర్వాత వచ్చేవి ఎరుపు, ఆకుపచ్చలే. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వెర్షన్‌లో ఆ పెట్టెను మార్చారు. జపాన్‌ శాస్త్రవేత్తలు మసటాకా ఒకాబే, కెయి ఇటో కూర్చిన రంగుల్ని కూడా చేర్చారు. ఆ ఇద్దరికీ వర్ణాంధత్వం ఉంది!

అక్టోబరు ముందు, ఆగస్టు తర్వాత

రంగుల తర్వాత వరస. పేర్లు ఇస్తే ఆర్‌ వాటిని అక్షర క్రమంలో నిలబెడుతుంది. జిల్లాల గ్రాఫు గీస్తే వానలు పడినా పడకపోయినా అనంతపురం ముందు వరసలోనే ఉంటుంది. నెలల పేర్లు తెలుగులో ఇచ్చి చూడండి... అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్‌ అంటూ మొదలవుతుంది! వరస ఇదీ అని మనమే చెప్పాలి. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. 2020 మేలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ఆరోగ్య శాఖ కరోనా కేసుల గ్రాఫు పెట్టింది. రోజురోజుకీ కేసులు తగ్గుతున్నట్టు మెట్లు దిగుతూ ఉంది. కింద చూస్తే తేదీలు ముందువెనకలుగా ఉన్నాయి! తేదీల క్రమంలో కాకుండా ఎత్తు క్రమంలో బార్లను పేర్చారు. విమర్శలు రావడంతో గవర్నర్‌ కార్యాలయం క్షమాపణ చెప్పింది, గ్రాఫును సరిచేశారు.

గీయని చోట ఉన్నది

అన్నిటికన్నా కనిపించని సంగతి ఇంకోటుంది. గ్రాఫు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి? ఆర్‌ ఇచ్చిన అంకెల్లో అతి చిన్నదాన్నీ, అతి పెద్దదాన్నీ చూసి, అటూ ఇటూ 4 శాతం జాగా వదిలి గీత గీసేస్తుంది. అంకెలు లేనిచోటుతో దానికి పనిలేదు.

ఇప్పుడు ఛాలెంజర్‌ సంగతి చూడండి. 1986 జనవరి 28న ఆ వ్యోమనౌక నింగికెగసిన 73 సెకన్లకే ఏడుగురినీ బలిగొంది. రాకెట్‌ అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోవడమే కారణమని తేలింది. ముందురోజు రాత్రి ఇంజినీర్లు వద్దని వాదించారు. వాదన నెగ్గలేదు. తర్వాత విచారణ సంఘం రెండు గ్రాఫులు ప్రచురించింది. రింగులు దెబ్బతిన్న ప్రయోగాల్నే గీస్తే చలికీ దెబ్బకీ సంబంధం ఉన్నట్టే లేదు. దెబ్బతినని వాటినీ కలిపి గీస్తే కథ మారిపోయింది. 66 డిగ్రీల ఫారన్‌హీట్‌, అంతకుమించిన వేడిలో జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటికే దెబ్బ. 63, అంతకన్నా తక్కువలో జరిగిన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి.

గ్రాఫుల పండితుడు ఎడ్వర్డ్‌ టఫ్టీ 1997లో దీన్ని మళ్లీ గీశాడు. అడ్డ గీతను ఎడమవైపు బాగా సాగదీసి ఆ ఉదయం ఉండబోయే చలి దాకా లాగాడు. అంతకుముందు అతి చల్లని ప్రయోగం 53 డిగ్రీల దగ్గర. ఛాలెంజర్‌కి అంచనా వేసిన చలి 30కన్నా తక్కువ. మధ్యలో ఒక్క చుక్కా లేని పెద్ద ఖాళీ! ఈ గ్రాఫు ముందే ఉంటే ప్రయోగం ఆగేదన్నాడు టఫ్టీ. ఆ రాత్రి వాదించిన ఇంజినీరు రోజర్‌ బోయిస్‌జోలీ, మరికొందరు 2002లో దీన్ని గట్టిగా ఖండించారు. తమ దగ్గర లేని అంకెలతో గ్రాఫు గీయలేదని తప్పుపట్టడం ఏం న్యాయం అన్నారు. వాళ్ల మాటా సబబే. గ్రాఫు ఒక్కటే ఏడు ప్రాణాల్ని కాపాడేదనడం అతిశయోక్తి.

కానీ ఖాళీ సంగతి మాత్రం నిజం. 53 నుంచి 81 దాకా ఉన్న ఆ ఉష్ణోగ్రతల్ని ఇవాళ ఆర్‌కి ఇస్తే గ్రాఫును 52 దగ్గర మొదలుపెట్టి 82 దగ్గర ఆపేస్తుంది. ప్రమాదం ఉన్న చోటు కాగితం బయటే ఉండిపోతుంది. ‘ఎక్స్‌లిమ్‌’ అన్న చిన్న మాట రాసి 25 నుంచి 85 దాకా చూపించమంటే తప్ప ఆ ఖాళీ కంటపడదు.

వత్తులు ఎక్కడికి పోయాయి?

రంగులూ వరసలూ కుదిరాక తెలుగువాళ్లకు మరో మెలిక ఉంది. గ్రాఫు మీద పేర్లు తెలుగులో రాయాలంటే? విండోస్‌లో ఆర్‌కి తెలుగు లిపి చాలాకాలం సరిగా మింగుడుపడలేదు. 2022లో వచ్చిన 4.2.0తో ఆ చిక్కు చాలావరకు తీరింది. అయినా తెర మీద చక్కగా కనిపించిన గ్రాఫును మామూలు పద్ధతిలో పీడీఎఫ్‌గా దాచుకుంటే అక్షరాల చోట చుక్కలు మిగులుతాయి. కొన్ని పద్ధతుల్లో అక్షరాలు వస్తాయి గానీ వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. అక్షరాల్ని కలిపి కూర్చే ‘రాగ్‌’ ప్యాకేజీతో బొమ్మగా దాచుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. ఫాంటు పేరు కూడా స్పష్టంగా చెప్పాలి. నోటో సాన్స్‌ తెలుగు ఉచితంగానే దొరుకుతుంది. పరీక్షించడానికి ‘కడప’ అని రాసి చూస్తే లాభం లేదు, దానికి వత్తులే లేవు. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. ష కింద టకారం, రకారం రెండూ సరిగ్గా కూర్చుంటే ఆ గ్రాఫును ప్రెస్సుకు పంపొచ్చు.