పిల్లల చేతి చలవ – పొయ్యి వెలిగించని ఫలహారం

బడి వదిలి ఇంటికి చేరేసరికి పిల్లలకు కడుపులో ఎలుకలు పరుగెడుతుంటాయి. కాసేపట్లో అస్ర్ నమాజు, ఆ వెంటనే అరబీ చదువు. ఈ మధ్యలో దొరికే అరగంటలో మన ఇళ్లలో చాలాచోట్ల పిల్లల ముందుకు వచ్చేవి రెండే. ఒకటి చాయ్‌లో ముంచుకు తినే బిస్కెట్టు, రెండోది వీధి చివర దుకాణంలో కొనే చిప్స్ పొట్లం. తల్లికి తీరిక లేక కొంత, పిల్లల మారాం పడలేక కొంత, ఇదే అలవాటుగా స్థిరపడిపోయింది. ఈ అరగంటను పిల్లల చేతికే అప్పగించి, పొయ్యి వెలిగించే పని లేకుండా పచ్చి కూరగాయలతో వాళ్ల ఫలహారం వాళ్లే చేసుకునేలా నేర్పవచ్చు. నేర్పాలి కూడా అని మేము అంటాము.

ఎందుకంటారా? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. ఆరు నెలలు మొదలు అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. వాటిలో ఇనుము చాలకపోవడం ముఖ్యమైనది. తిన్న ఇనుము ఒంటికి పట్టకపోవడం మరొకటి. మనం ముద్దుగా తాగించే చాయ్‌లోని వగరు పదార్థాలు ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మ, జామ, ఉసిరిలలో ఉండే సి విటమిన్ అదే ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అయితే ఈ విటమిన్ వేడికి నశించే గుణం కలది. కాబట్టి పప్పులో పిండిన పచ్చి నిమ్మరసం రుచికి మాత్రమే పనికివస్తుందని అనుకోకూడదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. పెళ్లిళ్లలో బిర్యానీ పక్కన పెట్టే నాలుగు ఉల్లి ముక్కలు, ఇంత దహీ చట్నీ ఈ లెక్కకు ఏ మూలకు వస్తాయి?

ప్రవక్త ఇంట పెరిగిన బాలుడు

పచ్చి కాయ తినడం మనకు కొత్త సంగతి కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తాజా ఖర్జూరాలను దోస జాతి కాయతో కలిపి తినగా తాము చూశామని హజ్రత్ అబ్దుల్లా బిన్ జాఫర్ (రజి) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) కుమారుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ప్రవక్త (స) ఇంట పెరిగిన బాలుడు. భోజనం వేళ ఆ బాలుని చేయి పళ్లెమంతా తిరుగుతూ ఉండేది. ప్రవక్త (స) ఆయనను కసరలేదు, దస్తర్‌ఖాన్ దగ్గర నుంచి లేపనూ లేదు. అల్లాహ్ పేరుతో మొదలుపెట్టాలనీ, కుడి చేత్తో తినాలనీ, తనకు దగ్గరగా ఉన్న వైపు నుంచి తీసుకోవాలనీ నేర్పారు. పెద్దయిన తర్వాత కూడా తాను అలాగే తింటూ వచ్చానని ఆయనే చెప్పుకున్నారు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన విద్య ఎన్నాళ్లు నిలుస్తుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇంకొక మాట. ఈ పని ఆడపిల్లలకే అప్పగించి అబ్బాయిలను ఆటకు పంపడం న్యాయం కాదు. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కీర చెక్కు తీయడం అబ్బాయికి నామోషీ అనుకునే తల్లిదండ్రులు ఈ హదీసును గుర్తు చేసుకోవాలి.

ఏ వయసుకు ఏ పని?

మూడు నాలుగేళ్ల పిల్లలకు కొత్తిమీర, పుదీనా ఆకులు తుంచే పని ఇవ్వండి. కూరగాయలను నీళ్లలో కడగడమంటే వాళ్లకు ఆటే. అయిదు నుంచి ఏడేళ్లవారు నిమ్మకాయ పిండగలరు, గిన్నెలో కలపగలరు. ఎనిమిది దాటినవారు పెద్దల కళ్ల ముందు చెక్కు తీయవచ్చు, క్యారెట్ తురమవచ్చు. పదేళ్లు దాటాక చిన్న చాకుతో చెక్కపలక మీద కోయడం నేర్పండి. కత్తిపీట మాత్రం పెద్దలకే ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు చేతులు కడగాలి. వుజూ చేసే అలవాటున్న పిల్లలకు ఇది చెప్పించుకోవలసిన సంగతి కాదు, సబ్బు వాడమని మాత్రం గుర్తుచేస్తే చాలు.

నాలుగు రకాలు

*కీర-ఖర్జూరం:* పైన చెప్పిన హదీసును పిల్లలకు వినిపించి దీనితోనే ప్రారంభించండి. కీర చేదు ఎక్కువగా తొడిమ వైపు ఉంటుంది. ఆ కొన కోసి, చిన్న ముక్క రుచి చూసి, చేదు లేదని తేలాకే చక్రాలుగా తరగాలి. ఖర్జూరాన్ని రెండుగా చీల్చి గింజ తీసి, ఒక్కో చక్రం మీద ఒక్కో చీలిక పెట్టాలి. ఉప్పు లేదు, పంచదార లేదు. పది నిమిషాల్లో పళ్లెం నిండుతుంది.

*క్యారెట్-పెసరపప్పు:* శ్రీరామనవమి నాడు పొరుగువారు పంచిపెట్టే వడపప్పు రుచి మన పిల్లలకు తెలిసిందే. అర కప్పు చాయ పెసరపప్పును శుభ్రంగా కడిగి, గంటసేపు మంచినీళ్లలో నానబెట్టి వడకట్టాలి. రెండు క్యారెట్ల తురుము, రెండు చెంచాల పచ్చికొబ్బరి తురుము, కొత్తిమీర, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలపాలి. క్యారెట్‌లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. కొబ్బరి ఆ పని చేస్తుంది. పప్పులోని ఇనుముకు నిమ్మరసం తోడవుతుంది.

*కచూంబర్:* ఒక కీర, రెండు గట్టి టమాటాలు, ఒక క్యారెట్, ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి, పుదీనా, నిమ్మరసం కలిపితే సరి. ఉప్పు తినేముందు మాత్రమే వేయాలి. ముందే వేస్తే కూరగాయలు నీరు వదిలి మెత్తబడిపోతాయి. ఎందుకలా అవుతుందో చూపడానికి ఒక కీర ముక్క మీద ఉప్పు చల్లి పది నిమిషాలు పక్కన పెట్టండి. ఊరిన నీటిని పిల్లలు తామే కనిపెడతారు. ఆ తర్వాత మసీదుకు వెళ్లేది ఉంటే ఉల్లిపాయ మానేయాలి. పచ్చి ఉల్లి, వెల్లుల్లి వాసనతో మసీదుకు రావద్దన్న ప్రవక్త (స) బోధనను పిల్లలు పాఠంగా కాకుండా పనిలో నేర్చుకుంటారు.

*పుదీనా పెరుగు:* రెండు కప్పుల గట్టి పెరుగును పలుచని శుభ్రమైన బట్టలో మూటగట్టి ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీస్తే, రెండు మూడు గంటల్లో నీరు దిగి వెన్నలా తయారవుతుంది. అందులో సన్నగా తుంచిన పుదీనా, కాస్త జీలకర్ర పొడి, చిటికెడు ఉప్పు కలపండి. కీర, క్యారెట్, క్యాప్సికమ్ పొడవు ముక్కలను ఇందులో ముంచుకు తినాలి. చిప్స్ కరకర కోరుకునే పిల్లవాడికి క్యారెట్ కరకర కూడా నచ్చుతుంది. మూటలోంచి దిగిన నీటిని పారబోయకుండా చపాతీ పిండి కలపడానికి వాడుకోవచ్చు.

మరువకూడని జాగ్రత్తలు

పొయ్యి మీద పెట్టని ఆహారానికి శుభ్రతే పొయ్యి. కూరగాయలను తరగకముందే, పారే నీటి కింద, చేత్తో రుద్ది కడగాలి. ఆకుకూరల్ని రెండు మూడు నీళ్లలో జాడించాలి. మాంసం కోసిన చాకు, పలక వీటికి వాడకూడదు. తరిగినవి అప్పటికప్పుడు తినాలి, మధ్యాహ్నానివి రాత్రికి ఉంచకూడదు.

అయిదేళ్లలోపు పిల్లలకు గట్టి క్యారెట్ ముక్కలు, వేరుశనగ గుళ్లు, గుండ్రటి ద్రాక్షలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వారికి తురుమే పెట్టాలి. కూర్చుని తినేలా చూడాలి. మొలకెత్తించిన పెసలు మంచివే కానీ, మొలకెత్తే తడిలోనూ వెచ్చదనంలోనూ క్రిములు కూడా పెరుగుతాయి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు వాటిని ఉడికించే ఇవ్వాలి.

పచ్చివి తింటున్నారు కదా అని వండిన కూర మాన్పించకూడదు. పాలకూర, తోటకూర పప్పు దాని స్థానంలో అది ఉండవలసిందే. పిల్లవాడు పాలిపోయి, త్వరగా అలసిపోతుంటే వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించాలి. కచూంబర్ మందు కాదు.

ఒక్క వారం చేసి చూడండి

మదర్సాలో పిల్లల మధ్య గడిపిన ఇన్నేళ్లలో మేము గమనించినది ఒకటుంది. పెద్దలు వడ్డించిన క్యారెట్‌ను పళ్లెం అంచుకు నెట్టే పిల్లవాడు, తాను తురిమిన క్యారెట్‌ను పక్కవాడికి రుచి చూపించి మరీ తింటాడు. ఎవరి చేతి పని వారికి ముద్దు. మొదటి రోజు ముక్కలు వంకరగా వస్తాయి, నిమ్మగింజలు గిన్నెలో పడతాయి, నేల తడుస్తుంది. తల్లులు ఓపిక పట్టాలి. నేల తుడిచే పని కూడా వాళ్లకే చెబితే మరీ మంచిది.

శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి వారం రోజులు చేయించండి. ఆ వారం చాయ్ బదులు మజ్జిగ ఇవ్వండి. రమజాన్ వచ్చినప్పుడు ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద మిర్చీ, సమోసాల పక్కన పిల్లలు చేసిన పళ్లెం ఒకటి ఉండేలా చూడండి. ఉపవాసం లేని చిన్నవాడికి కూడా ఇంటిల్లిపాది ఇఫ్తార్‌లో ఒక పని దొరుకుతుంది. మగ్రిబ్ అజాన్ కాగానే నాన్న మొదట అందుకునే ఖర్జూరం, తాను గింజ తీసి కీర మీద అమర్చినదే అయితే ఆ పిల్లవాడి సంతోషం చూడాలి.