మూగబోయిన స్పీకరు

బదిలీ అయిన ప్రతిసారీ మా సామాన్లలో ఏదో ఒకటి పాడవుతుంది. ఒకసారి అద్దం పగిలింది, ఇంకోసారి కుక్కరు పిడి విరిగింది. ఈ జూన్‌లో నాన్నగారికి నాగపూర్ నుంచి పాలక్కాడ్‌కు బదిలీ అయింది. లారీ దిగిన పెట్టెలన్నీ విప్పి చూశాం. ఏదీ పగల్లేదని సంతోషించాం. మూడో రోజున తెలిసింది, మా ల్యాప్‌టాప్ మూగబోయిందని.

అది మావయ్య వాడి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్. అందులో ఉబుంటు అనే లినక్స్ ఉంది. తెర వెలుగుతోంది, ఇంటర్నెట్ వస్తోంది, వీడియోలో బొమ్మ కదులుతోంది. మాట మాత్రం లేదు.

మాకు ఇది చిన్న సంగతి కాదు. అమ్మమ్మ విజయనగరంలో ఉంటుంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు వీడియో కాల్‌లో మాకు కథ చెబుతుంది. మా బడిలో తెలుగు పాఠం లేదు. మేము తెలుగు నేర్చుకునేది ఆ గంటలోనే. అమ్మ ఫోనులో వినవచ్చు కదా అంటారేమో. వరండా రేకుల మీద వాన పడుతుంటే ఫోనులో మాట ఏమీ వినబడదు.

ఆ ఆదివారం ఇయర్‌ఫోన్ పెట్టి చూశాం. ఆశ్చర్యం, అందులో మాట చక్కగా వచ్చింది! అక్కా తమ్ముళ్ళం చెరొక చెవిలో చెరొక బుడిపె పెట్టుకుని కథ విన్నాం. అమ్మ పక్కన కూర్చుని మా మొహాలు చూస్తూ ఉండిపోయింది. కథ మధ్యలో అమ్మమ్మ ఆగి, "మీ ఇద్దరే నవ్వుతున్నారు, మీ అమ్మ నవ్వట్లేదేమర్రా?" అని అడిగింది. దాన్ని బాగుచేసి తీరాలని ఆ రాత్రే అనుకున్నాం.

తొందరపడితే ఏమయ్యేది?

మాలో చిన్నవాడికి వెంటనే ఒక ఉపాయం తట్టింది. అన్నీ చెరిపేసి లినక్స్‌ను మళ్ళీ కొత్తగా ఎక్కించేద్దామన్నాడు. పెద్దది కూడా సరేనంది. పక్క క్వార్టర్సులో ఉండే చేచ్చి అప్పుడే వచ్చింది. మలయాళంలో చేచ్చి అంటే అక్క. ఆమె అక్కడి ప్రభుత్వ పాఠశాలలో పన్నెండో తరగతి చదువుతోంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లలో కైట్ అనే సంస్థ తయారుచేసిన లినక్స్ వాడతారు. అందుకని ఆమెకు ఇది కొత్త కాదు.

"ఇందులో మీ అమ్మమ్మ కథల రికార్డింగులు ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి, ఒక ఫోల్డరు నిండా. "వాటికి ఇంకెక్కడైనా నకలు ఉందా?" లేదు. "మరి చెరిపేస్తే?" మేమిద్దరం మాట్లాడలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, శబ్దం కోసం వెళ్ళి కథలనే పోగొట్టుకునేవాళ్ళం. ముందుగా ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకున్నాం. మీరూ ఏ మరమ్మతు మొదలుపెట్టినా మొదట ఈ పని చేయండి.

శబ్దం ఏ దారిలో వస్తుంది?

మేడ మీద ట్యాంకు ఉంది, కింద కుళాయి ఉంది. కుళాయిలో నీళ్ళు రాకపోతే మనం ఇల్లు పడగొట్టం. ట్యాంకులో నీళ్ళున్నాయా, మధ్యలో వాల్వు కట్టేసి ఉందా, కుళాయిలో చెత్త అడ్డుపడిందా అని చూస్తాం. ల్యాప్‌టాప్‌లో శబ్దానికి కూడా ఇలాంటి దారే ఉంది.

మొదటిది మనం తెరిచిన ప్రోగ్రాము, అంటే వీడియో ప్లేయరు గానీ బ్రౌజరు గానీ. శబ్దం దానిలో అంకెల రూపంలో ఉంటుంది. మామూలుగా సెకనుకు 44,100 లేదా 48,000 అంకెలు చొప్పున అవి బయలుదేరతాయి. రెండోది సౌండ్ సర్వర్. నాలుగు ప్రోగ్రాముల నుంచి వచ్చే శబ్దాలను కలిపి, ఏ పరికరానికి పంపాలో చూసేది ఇదే. పాత ఉబుంటులో ఈ పనిని పల్స్‌ఆడియో చేసేది. 2022 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 22.10 నుంచి పైప్‌వైర్ చేస్తోంది. మూడోది ఆల్సా. ఇది లినక్స్ కెర్నెల్‌లోనే ఉండి, శబ్దపు చిప్పుతో నేరుగా మాట్లాడుతుంది. నాలుగోది ఆ చిప్పు. దీన్ని కోడెక్ అంటారు. అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చేది ఇదే. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి ఇయర్‌ఫోన్ రంధ్రానికి, రెండోది స్పీకర్లకు వెళుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఇయర్‌ఫోన్‌లో మాట వచ్చిందంటే ప్రోగ్రాము, సర్వర్, ఆల్సా, కోడెక్ నాలుగూ పనిచేస్తున్నట్టే. తప్పు ఆ చీలిక దగ్గర గానీ, దాని తరువాత గానీ ఉంది. ఒక్క పరీక్షతో ముప్పాతిక దారి వెతకనక్కరలేకుండా పోయింది.

మేము వరుసగా చూసినవి

మొదట తేలికవి చూశాం. కీబోర్డు మీద స్పీకరు బొమ్మకు అడ్డగీత ఉన్న మీట ఎప్పుడైనా నొక్కామా? బ్రౌజరు ట్యాబును మ్యూట్ చేశామా? ప్లేయరులోనే శబ్దం సున్నాకు ఉందా? ఇవి నవ్వు తెప్పించే ప్రశ్నలే. కానీ చాలాసార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకకూడదు కదా. మా విషయంలో తప్పు వీటిలో లేదు.

తరువాత సెట్టింగ్స్‌లో సౌండ్ అనే పేజీ తెరిచాం. అందులో అవుట్‌పుట్ అనే చోట శబ్దం ఏ పరికరానికి వెళుతోందో ఉంటుంది. ఒకప్పుడు టీవీకి కలిపిన ల్యాప్‌టాప్ అయితే అక్కడ హెచ్‌డీఎంఐ అని ఉండిపోవచ్చు. పక్క గదిలోని బ్లూటూత్ స్పీకరు పేరు కూడా ఉండవచ్చు. అప్పుడు స్పీకర్స్ అన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. మా తెర మీద హెడ్‌ఫోన్స్ అని ఉంది. మేము దాన్ని చదివి ముందుకు వెళ్ళిపోయాం. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ తరువాత చేచ్చి కంట్రోల్, ఆల్ట్, టి మీటలు కలిపి నొక్కి టెర్మినల్ తెరిచింది. ఆంగ్ల చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా ఆల్సామిక్సర్ అని కొట్టి ఎంటర్ నొక్కింది. నిలువు గీతలు కొన్ని కనిపించాయి. ఎఫ్6 నొక్కి మన సౌండ్ కార్డు పేరు ఎంచుకుంటే అసలు గీతలన్నీ వస్తాయి. మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం అని ఒక్కోదానికి ఒక్కో పేరు ఉంటుంది. గీత కింద ఎం అక్షరం రెండుసార్లు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. బాణపు మీటలతో దాని దగ్గరకు వెళ్ళి ఎం నొక్కితే రెండు సున్నాలు వస్తాయి, అంటే తెరుచుకున్నట్టు. పై బాణంతో గీతను పెంచవచ్చు. బయటకు రావడానికి ఎస్కేప్ మీట.

మా స్పీకర్ గీత తెరిచే ఉంది, నిండుగానే ఉంది. కానీ కుడివైపు చివర ఆటో మ్యూట్ అని ఒకటి కనిపించింది. దాని మీద ఎనేబుల్డ్ అని ఉంది.

ఏమీ గుచ్చకుండానే హెడ్‌ఫోన్సా?

ఆటో మ్యూట్ మంచి పనే చేస్తుంది. మనం ఇయర్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్లను తనే ఆపేస్తుంది. అందువల్లే రైల్లో మన పాట పక్కవాళ్ళకు వినబడదు. మరి ఇయర్‌ఫోన్ గుచ్చామని దానికి ఎలా తెలుస్తుంది? ఆ రంధ్రం లోపల చిన్న లోహపు రేకు ఉంటుంది. పిన్ను దూరినప్పుడు రేకు కదిలి స్విచ్చులా పనిచేస్తుంది. కోడెక్ ఆ సంగతి గమనించి ఆల్సాకు చెబుతుంది.

చేచ్చి మళ్ళీ సెట్టింగ్స్ తెరిచి మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగింది. "ఇప్పుడు ఇయర్‌ఫోన్ బల్ల మీద ఉంది. ల్యాప్‌టాప్‌లో ఏమీ గుచ్చలేదు. మరి ఇక్కడ హెడ్‌ఫోన్స్ అని ఎందుకు ఉంది?"

అప్పుడు మాకు వెలిగింది. రంధ్రంలో ఏదో అడ్డుపడి, ఇయర్‌ఫోన్ ఉన్నట్టు ల్యాప్‌టాప్‌ను నమ్మిస్తోంది. పరీక్ష కోసం ఆటో మ్యూట్ దగ్గరకు వెళ్ళి, బాణం మీటతో డిసేబుల్డ్ అని మార్చి, పాట పెట్టాం. స్పీకరు పలికింది! అంటే స్పీకరు చెడిపోలేదు, దాన్ని నోరు మూయించినది వేరే ఉంది.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జరు తీసేశాం. నాన్నగారు కెమెరా తుడిచే రబ్బరు బుడ్డితో ఆ రంధ్రంలోకి గాలి కొట్టారు. తరువాత ఇయర్‌ఫోన్ పిన్నును మెల్లగా పదిసార్లు పెట్టి తీశారు. ఏడోసారో ఎనిమిదోసారో పిన్ను చివర ఒక నీలం రంగు నూలు పోగు, కొంచెం దుమ్ము వచ్చాయి. అమ్మ దాన్ని చూడగానే గుర్తుపట్టింది. లారీలో దెబ్బ తగలకూడదని ల్యాప్‌టాప్‌ను తన పాత నీలం చీరలోనే చుట్టింది!

మళ్ళీ ఆన్ చేసి ఆటో మ్యూట్‌ను ఎప్పటిలా ఎనేబుల్డ్ చేశాం. ఇయర్‌ఫోన్ తీసినప్పుడు స్పీకర్స్ అని, పెట్టినప్పుడు హెడ్‌ఫోన్స్ అని తెర మీద సరిగ్గా మారింది.

ఒక జాగ్రత్త. ఆ రంధ్రంలో గుండుసూది, పిన్నీసు, తడిగుడ్డ పెట్టకండి. లోపలి రేకు వంగితే ఇక దుకాణానికి తీసుకెళ్ళాల్సిందే.

మీ ల్యాప్‌టాప్ సంగతి వేరైతే

అందరికీ నూలు పోగే అడ్డుపడదు. మీకు కనిపించే గుర్తును బట్టి ఎక్కడ వెతకాలో చేచ్చి మాకు రాసి ఇచ్చింది.

ఒక్క ప్రోగ్రాములోనే శబ్దం లేకపోతే, తప్పు ఆ ప్రోగ్రాములోనే ఉంది. మిగతావాటిని ముట్టుకోవద్దు.

స్పీకరు, ఇయర్‌ఫోన్ రెండూ పలకకుండా, సెట్టింగ్స్‌లో మాత్రం సౌండ్ కార్డు పేరు కనిపిస్తే, మ్యూట్ గానీ, సౌండ్ సర్వర్ చిక్కుపడటం గానీ కారణం కావచ్చు. ఆల్సామిక్సర్‌లో చూశాక ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి మళ్ళీ వెలిగించండి. సౌండ్ సర్వర్ కొత్తగా మొదలవుతుంది.

అవుట్‌పుట్ దగ్గర డమ్మీ అవుట్‌పుట్ అని ఉంటే, లినక్స్‌కు అసలు సౌండ్ కార్డే కనిపించలేదన్నమాట. ఇది అప్‌డేట్ తరువాత మొదలైతే, కెర్నెల్ మారడం కారణమేమో చూడాలి. ల్యాప్‌టాప్ వెలిగేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి పాత కెర్నెల్‌ను ఎంచుకోవచ్చు. దానితో శబ్దం వస్తే కారణం దొరికినట్టే. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనేది కూడా ఉండాలి. అది లేకపోయినా కార్డు కనిపించదు. ఈ పనులు పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఇయర్‌ఫోన్‌లో వచ్చి స్పీకరులో రాకపోతే, మాలాగే స్పీకర్ గీత, ఆటో మ్యూట్, రంధ్రం మూడూ చూడండి. మూడూ బాగుండి కూడా పలకకపోతే లోపల తీగ ఊడిందో స్పీకరే పోయిందో దుకాణంలో చూపించాలి.

ఏదీ తేలకపోతే చివరి పరీక్ష ఒకటుంది. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవుతో ల్యాప్‌టాప్‌ను వెలిగించి, ట్రై అన్నదాన్ని మాత్రమే నొక్కండి. ఇన్‌స్టాల్ నొక్కకండి. ట్రై నొక్కితే మన ఫైళ్ళు చెరిగిపోవు. అక్కడ శబ్దం వస్తే పరికరం బాగానే ఉంది, తప్పు మన సెట్టింగులలో ఉంది. అక్కడా రాకపోతే పరికరాన్నే అనుమానించాలి. మేము ఆ రోజు తొందరపడి అన్నీ చెరిపేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలుస్తోంది. లినక్స్ కొత్తది వచ్చేది, కథలు పోయేవి, నూలు పోగు మాత్రం ఉన్నచోటే ఉండేది.

తరువాతి ఆదివారం ల్యాప్‌టాప్‌ను భోజనాల బల్ల మధ్యలో పెట్టి నలుగురం చుట్టూ కూర్చున్నాం. బయట వాన. అమ్మమ్మ కథ మొదలుపెట్టి, సగంలో ఆగి, "ఆఁ, ఇప్పుడు నవ్వింది నా కూతురు!" అంది.

మళ్ళీ బదిలీ వస్తుంది. అమ్మ మళ్ళీ ఆ నీలం చీరలోనే ల్యాప్‌టాప్‌ను చుడతానంటోంది. మేము సరేనన్నాం. అయితే ముందుగా ఇయర్‌ఫోన్ రంధ్రం మీద చిన్న కాగితపు టేపు ముక్క అంటిస్తాం.